అనాథాశ్రమానికి ఆదాయం తెచ్చే విదేశీ ఇంటర్న్‌షిప్: కెన్యాలో నేను చూసినది, మీరు ముందుగా అడగవలసినవి

కెన్యాలో ఒక అనాథాశ్రమం తన కాళ్ల మీద తాను నిలబడేలా సోషల్ ఎంటర్‌ప్రైజ్ (సేవా లక్ష్యంతో నడిపే వ్యాపారం) ప్రారంభించే ఇంటర్న్‌షిప్‌కు ఎంపికయ్యారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని రాశారు. నేను ఎంబీఏ చదువుతున్న రోజుల్లో నకూరు శివార్లలోని ఒక ఆశ్రమంలో ఇదే పని మీద ఉన్నాను. అక్కడ మేము పెట్టింది గుడ్ల కోళ్ల ఫారం కాబట్టి నా జవాబులో కోళ్ల గోల కొంత ఎక్కువగా వినిపిస్తుంది. మీరు బేకరీ పెట్టినా, కుట్టు కేంద్రం పెట్టినా అసలు విషయంలో పెద్దగా తేడా ఉండదు.

ఏ వ్యాపారం పెట్టాలన్న ఆలోచన పక్కన పెట్టి, ముందుగా ఆశ్రమం జమాఖర్చుల పుస్తకం చూపించమని అడగండి. మా ఆశ్రమంలో పిల్లల బాగోగులు చూసే మాట్రన్ గారి దగ్గర గీతల నోటుబుక్కు ఒకటి ఉండేది. ఖర్చుల వైపు మొక్కజొన్న పిండి, బీన్స్, బొగ్గులు, బడి ఫీజులు ఆమె గుండ్రని చేతిరాతలో వరుసగా కనిపించేవి. జమ వైపు ఉన్నవి దాదాపు అన్నీ విదేశీ దాతలు ఒక్కొక్క బిడ్డ పేరిట నెలనెలా పంపే మొత్తాలే. అంటే ఒక పిల్లవాడు తిరిగి తన అమ్మమ్మ ఇంటికి వెళ్లిపోతే, పుస్తకంలో ఒక జమ కొట్టివేయవలసి వస్తుంది. అక్కడ ఎవరికీ దురుద్దేశం లేదు, మాట్రన్ గారికైతే అసలే లేదు. అయినా ఆశ్రమం నిండుగా ఉంటేనే జీతాలు అందుతాయన్న లెక్క అందరి నిర్ణయాల మీదా పనిచేస్తూ ఉండేది.

ఇది ఒక్క ఆశ్రమానికి పరిమితమైన సమస్య కాదు. ఇలాంటి ఆశ్రమాల్లో పెరిగే పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రుల్లో ఒకరైనా, లేదా దగ్గరి బంధువులైనా ఉంటారు. పేదరికమూ, బడి ఖర్చు భరించలేకపోవడమూ వారిని అక్కడికి చేరుస్తాయి. అందుకే కెన్యా ప్రభుత్వం 2017లో కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ను నిలిపివేసింది. 2022 బాలల చట్టం పిల్లలను ఆశ్రమాల్లో ఉంచి పెంచడాన్ని చివరి మార్గంగానే చూస్తుంది, 2022 నుంచి 2032 వరకు అమలయ్యే జాతీయ వ్యూహం పిల్లలను కుటుంబాల్లోకి చేర్చడమే లక్ష్యంగా పెట్టుకుంది. అనాథాశ్రమాల్లో నియంత్రణ లేని స్వచ్ఛంద సేవా కార్యక్రమాల వల్ల పిల్లలకు కలిగే హాని గురించి 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా తన తీర్మానంలో హెచ్చరించింది. కనుక మీరు వెళ్లే ఆశ్రమం రిజిస్టరై ఉందా, ఏ పిల్లవాడిని ఎప్పుడు ఎవరి దగ్గరకు పంపాలన్న ప్రణాళిక కాగితం మీద ఉందా, స్థానిక బాలల అధికారి అక్కడికి వస్తూ ఉంటారా అన్నవి టికెట్టు కొనకముందే ఉత్తరం రాసి తెలుసుకోండి. సూటిగా జవాబు రాకపోతే ఆ అవకాశం వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

జవాబు సంతృప్తికరంగా ఉంటే, లాభం ఎక్కడికి వెళ్లాలన్నది ఒప్పందంలోనే రాయించండి. మా ఫారం మిగులులో మొదటి వాటా ఇళ్లకు తిరిగి వెళ్లిన పిల్లల ఫీజులకూ, యూనిఫారాలకూ కేటాయించేలా ఆశ్రమం కమిటీ చేత తీర్మానం చేయించాము. ఆశ్రమంలో ఎంతమంది ఉన్నారన్న దానితో సంబంధం లేకుండా వచ్చే ఆదాయం ఉంటేనే ఒక బిడ్డను ఇంటికి పంపడం నష్టంగా కనిపించదు. ఇది తేలకుండా పెట్టిన వ్యాపారం ఎంత బాగా నడిచినా ఆశ్రమం పడకలు పెంచడానికే పనికివస్తుంది.

ఇక వ్యాపారం లెక్క. గుడ్ల కోడి రోజుకు సుమారు 120 గ్రాముల మేత తింటుంది, కాబట్టి 100 కోళ్లకు 12 కిలోలు కావాలి. అక్కడి 70 కిలోల బస్తా ఆరు రోజులు కూడా పూర్తిగా రాదు. కోడిపిల్లల దశ నుంచి పెంచితే గుడ్డు పెట్టడానికి నాలుగున్నర, ఐదు నెలలు పడుతుంది, ఆ కాలమంతా ఖర్చే తప్ప పైసా రాబడి ఉండదు. తర్వాత 100 కోళ్లు రోజుకు 80 గుడ్లు పెట్టాయనుకున్నా అవి 30 గుడ్ల ట్రేలు మూడైనా నిండవు. మీ ఇంటర్న్‌షిప్ కాలాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూసుకోండి: చాలామంది ఇంటర్న్‌లు మొదటి గుడ్డు చూడకముందే విమానం ఎక్కుతారు. మేము గుడ్డుకు వచ్చే దశలో ఉన్న పెట్టలను ఎక్కువ ధర పెట్టి కొన్నది అందుకే. ఆఫ్రికా అంతా ఎండే అనుకునే మనవాళ్లకు ఒక మాట: నకూరు 1,800 మీటర్లకు పైన ఉంటుంది, జులై రాత్రులు గజగజ వణికిస్తాయి, చిన్న కోడిపిల్లలను పెంచితే బొగ్గుల కుంపటి దగ్గర రాత్రంతా ఎవరో ఒకరు కూర్చోవలసిందే. కొక్కెర తెగులు టీకా మాత్రం ఇక్కడిలాగే అక్కడా తప్పనిసరి.

గోదావరి జిల్లాల్లో పుట్టిన నాకు, గుడ్డు ధర అనగానే ఎన్‌ఈసీసీ (జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ) ప్రతిరోజూ ప్రకటించే రేటు గుర్తుకు వచ్చేది. నకూరులో నేను తిరిగిన దుకాణాల్లో ధర అక్కడికక్కడ బేరంలోనే తేలేది. సాయంత్రం బస్టాండు దగ్గర తోపుడుబండి మీద ఉడికించిన గుడ్డును నిలువునా చీల్చి, మధ్యలో కచుంబరి (ఉల్లి, టమాటా ముక్కల మిశ్రమం) కూరి అమ్మేవాళ్లే మాకు నమ్మకమైన కొనుగోలుదారులయ్యారు. వాళ్లు రోజూ కొంటారు, రోజూ డబ్బిస్తారు. దాతలు జాలితో ఎక్కువ ధరకు కొనే ట్రేలను అమ్మకాల లెక్కలో కలపకండి, అది విరాళమే. డబ్బంతా ఎం-పెసాలో, అంటే ఫోను ద్వారా డబ్బు పంపే సేవలో నడుస్తుంది కాబట్టి వ్యాపారానికి వేరే టిల్ నంబరు (కొనుగోలుదారులు డబ్బు చెల్లించే నంబరు) తీసుకోవాలి, అది ఎవరి సొంత ఫోనుకూ కట్టుబడి ఉండకూడదు. కౌంటీ (అక్కడి జిల్లా లాంటిది) ఇచ్చే వ్యాపార అనుమతి, పన్ను గుర్తింపు సంఖ్య (పిన్) విషయాలు స్థానిక అకౌంటెంటుకు వదిలేయండి.

పిల్లల చేత కోళ్లకు మేత వేయిస్తూ ఫోటోలు తీయించడం, వాటిని ప్రచారానికి వాడడం వద్దు. ఫారం పని జీతం తీసుకునే పెద్దవాళ్ల పని. నేర చరిత్ర లేదని పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను ఆశ్రమం మిమ్మల్ని అడగకపోతే, ఇంకెవరినీ అడగలేదనే అర్థం.

ప్రయాణానికి ఈ-టీఏ (ఆన్‌లైన్‌లో తీసుకునే ప్రయాణ అనుమతి) సులువుగానే వస్తుంది గానీ అది పనిచేయడానికి అనుమతి కాదు. తగిన పాస్ కోసం ఆతిథ్య సంస్థ చేత ఇమిగ్రేషన్ శాఖకు దరఖాస్తు చేయించండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగివస్తే ఇక్కడి విమానాశ్రయంలోనే క్వారంటైన్‌కు పంపవచ్చు.

ఫారం నడపవలసింది మీరు కాదు, మీరు వచ్చేశాక అక్కడే ఉండేవాళ్లు. మొదటి వారంలోనే ఆ బాధ్యత ఎవరిదో, జీతం ఎంతో తేల్చమని కమిటీని అడగండి. తిరుగు ప్రయాణానికి నెల ముందే పుస్తకం, తాళంచెవులు, టిల్ పిన్ ఆ మనిషికి అప్పగించి, అడిగితేనే మాట్లాడేలా పక్కన ఉండండి. మీ ఒక్కరి తలలోనే ఉండిపోయిన విషయాలు అప్పుడు మీరుండగానే బయటపడతాయి. మా దగ్గర మేత వ్యాపారి అప్పు గడువులు, తర్వాతి టీకా తేదీలు ఆ నెలలోనే మాట్రన్ గారి గోడ క్యాలెండరు మీదికి ఎక్కాయి.