లువాంగ్ ప్రబాంగ్‌లో ఇద్దరికి రెండు రాత్రులు చాలా?

మీ ప్రశ్న: డిసెంబరులో ఉత్తర థాయ్‌లాండ్ నుంచి ఇద్దరూ భుజాన బ్యాగులతో లావోస్ వెళ్తున్నారు, లువాంగ్ ప్రబాంగ్‌కి రెండు రాత్రులు పెట్టుకున్నారు, మీ ఆవిడ పూర్తి శాకాహారి.

రెండు రాత్రులు చాలవండి. జాబితా పెట్టుకుని తిరిగితే మాత్రం ఒక్కరోజులో అయిపోతుంది. మెకాంగ్, నామ్ ఖాన్ నదులు కలిసేచోట నాలుకలా పొడుచుకొచ్చిన చిన్న ఊరది, నడిచే చుట్టేయొచ్చు. అలా చుట్టేసినవాళ్లే తర్వాత "ఏముందక్కడ, అన్నీ గుళ్లే" అంటారు. నేనూ మా ఆయనా తీరిగ్గా ఉన్నాం కాబట్టి చెప్తున్నా: కనీసం నాలుగు రాత్రులు ఉంచండి. కావాలంటే థాయ్‌లాండ్‌లో ఒక ఊరు కొట్టేయండి.

ఎలాగూ అటునుంచే వస్తున్నారు గనక పడవలో రండి. చియాంగ్ ఖోంగ్ దగ్గర వంతెన దాటితే లావోస్ వైపు హువే సాయ్. పొద్దున అక్కడ ఎక్కితే రాత్రికి పాక్‌బెంగ్‌లో బస, మర్నాడు సాయంత్రానికి లువాంగ్ ప్రబాంగ్. సీట్లు పాత వ్యాన్ల నుంచి పీకి తెచ్చి పడవలో పెట్టినవి. ఇంజిన్ వెనక ఉంటుంది, చెవులు పోతాయి, ముందు కూర్చోండి. డిసెంబరు పొద్దుల్లో నది మీద చలి గట్టిగానే ఉంటుంది, స్వెటర్ బ్యాగు అడుగున పెట్టకండి. రేవు ఊరికి పది కిలోమీటర్ల అవతల ఉంటుంది, అక్కణ్నుంచి అందరూ కలిసి టుక్‌టుక్ ఎక్కడమే. హెల్మెట్ పెట్టుకుని కూర్చోవాల్సిన స్పీడ్‌బోట్లూ ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. ఊరికి ఎగువన దాదాపు పాతిక కిలోమీటర్ల దూరంలో మెకాంగ్ మీద 1,460 మెగావాట్ల ఆనకట్ట కడుతున్నారు. ఈ పడవ ప్రయాణం ఇలాగే ఎన్నాళ్లుంటుందో, వీలున్నప్పుడే చేసేయండి. తిరుగు ప్రయాణానికి 2021 డిసెంబరులో మొదలైన చైనా రైలుంది, రాజధాని వియంటియాన్‌కి రెండు గంటలు. స్టేషన్లో తనిఖీ గట్టిగా ఉంటుంది, దోమల స్ప్రే డబ్బాలు, చాకులు తీసేసుకుంటారు.

గది రెండు నదుల మధ్య సందుల్లోనే తీసుకోండి. కాస్త ఖరీదైనా తెల్లవారుజామున లేచి నాలుగడుగులు వేస్తే చాలు, భిక్షువులు కనిపిస్తారు. ఈ పొద్దుటి భిక్షని తాక్ బాత్ అంటారు. కాషాయం కట్టుకుని, చెప్పుల్లేకుండా, వరసగా వస్తారు. ఇంటి ముందు చాప మీద మోకాళ్లపై కూర్చున్న ఆడవాళ్లు ఒక్కో పాత్రలో చిటికెడు అన్నం పెడతారు. పెద్దవీధిలో దీన్ని తమాషా చేసేశారు: యాత్రికులకు అన్నం బుట్టలమ్మేవాళ్లు, భిక్షువుల మొహాల్లోకే ఫోన్లు. మాకు నచ్చలేదు. పక్క సందులోకి వెళ్లి, ఎదురుగా గోడకానుకుని, భుజాలూ మోకాళ్లూ కప్పుకుని మాట్లాడకుండా చూడండి. నమ్మకం ఉంటేనే భిక్ష పెట్టండి, ఫోటో కోసమైతే వద్దు.

గుళ్లలో ఒక్కటే చూసే ఓపికుంటే వాట్ సియెంగ్ థోంగ్. సెట్టాతిరాత్ రాజు 1560 ప్రాంతంలో కట్టించాడు. ఆయనే ఆ రోజుల్లో రాజధానిని ఇక్కణ్నుంచి వియంటియాన్‌కి మార్చేశాడు. గుడి వెనక గోడ మీద అద్దం ముక్కలతో చేసిన చెట్టుంది, సాయంత్రం ఎండ పడ్డప్పుడు వెళ్లండి. అది గుడంత పాతది కాదు, 1960ల నాటి పని. రాజభవనం మ్యూజియం ఒక గంట చాలు. ఫూసీ గుట్ట మీద సూర్యాస్తమయానికి తిరునాళ్లంత జనం, పొద్దున్నే ఎక్కండి. దానికంటే నన్నడిగితే పంటుమీద మెకాంగ్ దాటి అవతలి చోంఫెత్ ఒడ్డుకెళ్లమంటాను. మట్టిదారి వెంట పాత గుళ్లు, జనం లేరు. కువాంగ్ సీ జలపాతం ఊరికి ముప్పై కిలోమీటర్లు. సున్నపురాయి వల్ల నీళ్లు నీలంగా ఉంటాయి, తెరిచే వేళకే చేరితే బాగుంటుంది.

ఇక తిండి. చేపల్ని ఉప్పేసి నెలల తరబడి మాగబెట్టే పాదేక్ ఇక్కడ దేన్లోనైనా పడుతుంది, బొప్పాయి సలాడ్‌తో సహా. "నేను వెజ్" అంటే మాంసం ముక్కలు తీసేసి అదే పెడతారు. "బొ సై నామ్ పా, బొ సై పాదేక్" అనండి, అంటే చేపల సాసూ (నామ్ పా) పాదేకూ వెయ్యొద్దని. "కిన్ జే" (శాకాహారమే తింటాం) అన్నా అర్థం చేసుకుంటారు. అది ఒప్పుకున్నాక మీ ఆవిడకి దిగుల్లేదు. వంకాయని నిప్పుల మీద కాల్చి, మిరపకాయ, వెల్లుల్లితో రోట్లో దంచి జియో అని పెడతారు, అచ్చం మనింటి కాల్చిన వంకాయ పచ్చడే. టమాటాతోనూ చేస్తారు. వెదురు బుట్టలో జిగురన్నం వస్తుంది, చేత్తో ముద్ద చేసుకుని అద్దుకు తినడమే. నదిలో నాచుని నువ్వులతో ఎండబెట్టి వేయించే కైపెన్ కూడా బాగుంటుంది. కానీ దాంతో ఎర్రగా, నోరూరించేలా ఇచ్చే జియో బోంగ్‌లో గేదె తోలు ముక్కలుంటాయి, చూసుకోండి.

రాత్రి బజారులో హ్మాంగ్ తెగవాళ్ల కుట్టుపని బాగుంటుంది. తేలిగ్గా ఉండి మెరిసే స్పూన్లు, గాజులు చూసి ఏమిటని అడిగితే బాంబుల లోహమంటారు. 1964 నుంచి 1973 దాకా అమెరికా ఈ దేశం మీద ఇరవై లక్షల టన్నులకు పైగా బాంబులేసింది, పేలనివి ఇంకా పొలాల్లో ఉన్నాయి. ఆ తుక్కు ఏరేవాళ్లు ప్రాణాలతో చెలగాటమాడుతున్నారని మేం కొనలేదు. ఊళ్లోనే, పేలని బాంబులు తొలగించే యూఎక్స్‌ఓ లావో సంస్థవాళ్ల చిన్న ప్రదర్శనశాల ఉంది, అది చూసి మీరే తేల్చుకోండి.

జంటలకి ఒక మాట: నదొడ్డున చేతులు పట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు గానీ ముద్దులూ కౌగిలింతలూ అక్కడి పెద్దవాళ్లకి ఇబ్బంది. రాత్రి పదకొండున్నరకల్లా ఊరు మూతపడుతుంది. అక్కడి డబ్బు కిప్, ఆ నోట్లు లావోస్ దాటాక మార్చుకోవడం కష్టం, మిగిలినవి వెళ్లేముందే ఖర్చు పెట్టేయండి.