వార్డు కమిటీ మారింది, టెంటు హౌస్ బాకీ నా మీద పడింది. నేనే కట్టాలా?

ప్రశ్న: లాయరు గారూ, మాది గాజువాక. 2024 అసెంబ్లీ ఎన్నికలప్పుడు నేను మా పార్టీ వార్డు కమిటీ కోశాధికారిని. అభ్యర్థి సభలకు షామియానాలు, కుర్చీలు, మైకు సెట్టు, జనరేటరు అన్నీ నా మాట మీదే తెప్పించాను. బిల్లు 1,85,000 రూపాయలైంది. ఎలక్షన్ అయ్యాక సెటిల్ చేస్తామని అభ్యర్థి ఆఫీసులో చెప్పారు. 40,000 ఇచ్చి ఊరుకున్నారు. ఈ మధ్య కొత్త కమిటీ వేసి నా పేరు తీసేశారు. వాళ్లేమో మాకు సంబంధం లేదంటున్నారు. టెంటు హౌస్ ఆయన పదిహేను రోజుల్లో కట్టమని లాయరు నోటీసు పంపాడు. నేను సంతకం పెట్టిన ఖాళీ చెక్కు కూడా ఆయన దగ్గరుంది. ఇంట్లో ఒకటే టెన్షన్. ఏం చేయాలి?

జవాబు: ముందు చేదు మాట చెప్పేస్తాను. బిల్లులు మీ పేరు మీద ఉంటే టెంటు హౌస్ ఆయన మిమ్మల్ని అడగడంలో తప్పు లేదు. నేను పార్టీ తరఫున తెప్పించానని మీరు అనొచ్చు. కానీ ఎవరి తరఫున తెచ్చామో వాళ్ల మీద దావా వేయడానికి వీల్లేనప్పుడు, తెచ్చినవాడే బాధ్యుడని కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ భావిస్తుంది. ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టరయ్యేది పార్టీ. వార్డు కమిటీకి చట్టం దృష్టిలో విడిగా ఉనికి లేదు. కొత్త కమిటీ వాళ్లు కూడా సంతకం పెట్టలేదు కాబట్టి వాళ్లను వదిలేయండి.

మీరు పట్టుకోవాల్సింది అభ్యర్థిని. అందుకు మహారాణిపేటలోని కలెక్టరేటుకు వెళ్లాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ప్రతి అభ్యర్థీ తన ఖర్చుల లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి, అంటే కలెక్టరుకు ఇవ్వాలి. ఆ లెక్కను ఎవరైనా చూడొచ్చు. రూల్సులో రాసిన ఫీజు ఒక్క రూపాయే. ధ్రువీకరించిన నకళ్లకు ఫీజు వేరే ఉంటుంది. మీ సభ తేదీ దగ్గర ఏం రాశారో, పక్కన ఏ ఓచరు పెట్టారో చూడండి. టెంటు హౌస్‌కు చెల్లించినట్టు అందులో ఉంటే, ఆ ఖర్చు తనదేనని అభ్యర్థి సంతకం పెట్టి ఒప్పుకున్నట్టే. మీకు అంతకన్నా బలమైన కాగితం దొరకదు.

అసలు సభే లెక్కలో లేకపోతే? షాడో రిజిస్టరు అడగండి. సభల్ని వీడియో తీసి, కుర్చీలు, షామియానాలు లెక్కపెట్టి, జిల్లాలో ఖరారు చేసిన రేట్ల ప్రకారం అధికారులు రాసుకునే పుస్తకం అది. మీకు ఇచ్చిన 40,000 సంగతి కూడా చూడండి. ఎన్నికల ఖాతా నుంచి బ్యాంకు ద్వారా వచ్చి ఉంటే స్టేట్‌మెంటు తీసి పెట్టుకోండి. నగదుగా ఇచ్చి ఉంటే ఇవ్వలేదని బుకాయించే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఎన్నిక మొత్తంలో ఒకరికి 10,000 మించి నగదు ఇవ్వకూడదని కమిషన్ ఆదేశం.

మన రాష్ట్రంలో అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. రాతపూర్వకంగా అనుమతిచ్చిన ప్రతి రూపాయీ ఆ లెక్కలోకి వస్తుంది. అందుకే ఎవరూ కాగితం మీద పెట్టరు, నోటిమాటతో పనులన్నీ కానిచ్చుకుంటారు. చివరికి మునిగేది మీలాంటి కార్యకర్తే. ఇది చాలా అన్యాయం. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా సభకు ఖర్చుపెట్టడం అప్పటి ఐపీసీ 171హెచ్ కింద 500 రూపాయల జరిమానా పడే నేరం. జరిమానా మాత్రమే పడే నేరానికి కాలపరిమితి ఆరు నెలలు, అది ఎప్పుడో దాటింది కాబట్టి ఆ కేసు గురించి భయపడకండి. కానీ మీరు డబ్బు అడిగితే, చట్టవిరుద్ధమైన ఖర్చును మేమెందుకు భరించాలని అవతలి లాయరు వాదిస్తాడు. ఆ వాదనకు జవాబు కూడా కలెక్టరేటు లెక్కలోనే వెతకాలి. ఇప్పుడు అదే నేరానికి భారతీయ న్యాయ సంహిత 176వ సెక్షన్ కింద జరిమానా 10,000 దాకా ఉంది. రేపు మళ్లీ ఎవరైనా రమ్మంటే ఇది గుర్తుంచుకోండి.

చెక్కు విషయంలో అలసత్వం వద్దు. సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కుకు కూడా చెక్కు బౌన్సు కేసుల 138వ సెక్షన్ (నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం) వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. బ్యాంకుకు చెప్పి పేమెంటు ఆపించినా కేసు ఆగదు. చెక్కు బౌన్సయి నోటీసు వస్తే, అందిన 15 రోజుల్లో కట్టకపోతే క్రిమినల్ కేసు పెట్టొచ్చు.

ఇప్పుడొచ్చిన నోటీసుకు గడువులోపే లాయరు ద్వారా జవాబివ్వండి. సరుకు ఎవరి సభకు, ఏ తేదీన వెళ్లిందో, ఎవరు చెప్పారో, చెక్కు కేవలం హామీగా ఇచ్చిందని, 40,000 ముట్టిందని అందులో రాయించండి. అదే రోజు అభ్యర్థికీ, పార్టీ జిల్లా, రాష్ట్ర కార్యాలయాలకూ నోటీసులు పంపండి. టెంటు హౌస్ ఆయన మీ మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు, అంటే ఆ సభల తేదీల నుంచి సుమారు 2027 ఏప్రిల్, మే దాకా. ఈలోగా 'తప్పకుండా కట్టేస్తాను అన్నా' అని వాట్సాప్‌లో మెసేజీలు పెట్టకండి. రాసిచ్చిన ఒప్పుకోలుతో గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకొస్తుంది.

టెంటు హౌస్ ఆయనా చిన్న వ్యాపారే, ఆయనతో శత్రుత్వం వద్దు. విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇద్దరూ కలిసి వెళ్తే కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెడతారు. కోర్టు ఫీజు ఉండదు. అభ్యర్థికి కూడా అక్కడి నుంచే నోటీసు వెళ్లేలా అడగండి. వాయిదాల మీద కట్టుకునేలా రాజీ కుదిరితే, చెక్కు వెనక్కి ఇచ్చే సంగతి అవార్డులో, అంటే లోక్ అదాలత్ ఇచ్చే ఉత్తర్వులో, రాయించుకోండి.