మెడ ఒరుసుకుపోయే కాడి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: తెల్లవారుజామున 4 గంటలకు ప్రార్థన, ఏడాదిలో బైబిలు పూర్తి చేస్తానని తీర్మానం, శుక్రవారం ఉపవాస కూడిక, ఆదివారం ఆరాధన. ఆరేళ్లుగా చేస్తున్నా. పత్తి ఏరే రోజుల్లో ఒక్కటి తప్పి, పిల్లకు జ్వరం వస్తే 'అందుకే' అనిపిస్తుంది. ప్రార్థనలో కునుకు పడుతుంది, లేచాక ఏడుపొస్తుంది. నా విశ్వాసం తగ్గిందా?
– ఒక సోదరి, పరకాల

జవాబు: తగ్గింది నిద్రమ్మా. పగలంతా వంగి పత్తి ఏరి, రాత్రి 11కు పడుకుని 4కు లేస్తే ఎవరికైనా కునుకు పడుతుంది. చచ్చిపోతే బాగుండునని ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుంటే దేవదూత రొట్టె, నీళ్లు పెట్టాడు; మళ్లీ పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు (1 రాజులు 19). జ్వరం సంగతికి యోహాను 9:1-3 చూడండి. ఎవరి పాపానికి ఈ గుడ్డితనమని శిష్యులడిగితే ఎవరిదీ కాదన్నాడు యేసు.

మత్తయి 11:30లో 'నా కాడి సుళువు' అన్న చోట గ్రీకు మాటకు మంచి, దయగల అనే అర్థాలూ ఉన్నాయి. కాడి సరిగా కూర్చోకపోతే ఎద్దు మెడ మీద ముందు వెంట్రుకలు రాలతాయి, తోలు ఎర్రబడుతుంది, తర్వాత పుండవుతుంది. రైతు అప్పుడు కాడిని చెక్కించుకొస్తాడు. మీరు ఆరేళ్లుగా ఎద్దునే కొడుతున్నారు.

మీ కాడిలో ఏది ఎక్కడిదో చూడండి. 4 గంటల వేళ మీ సంఘం పెట్టుకున్నది. మోషే ధర్మశాస్త్రం అందరికీ విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్త దినమే; వారానికి రెండుసార్లని చెప్పుకొన్నది లూకా 18లో తన భక్తిని గొప్పగా చెప్పుకొనే పరిసయ్యుడు. బైబిల్లో 1,189 అధ్యాయాలు, అంటే రోజుకు 3కు పైనే. రెండు రోజులు తప్పితే ఆరేడు బాకీ పడతాయి, బాకీ తీర్చడానికి చదివింది తలకెక్కదు. కొత్త నిబంధన 260 అధ్యాయాలు. వారానికి 5 రోజులు, రోజుకు ఒకటి చొప్పున 52 వారాలకు సరిగ్గా సరిపోతుంది. తప్పినవి తప్పినట్టే వదిలేయండి.

పత్తి అయ్యేదాకా తెల్లవారుజాము లేవడం ఆపి, రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు 103వ కీర్తన చదువుకోండి. మొదటి రెండు వారాలు గుబులు పెరుగుతుంది. అది తట్టుకోలేక ఇంకో మొక్కుబడి మొదలుపెట్టడం చాలామంది చేసే పొరపాటు. అప్పుడు రోమా 8:1 బయటికి చదవండి: క్రీస్తుయేసునందున్నవారికి ఏ శిక్షావిధియు లేదు. పాస్టరుగారికి శుక్రవారాలు రాలేనని ముందే చెప్పేయండి, సాకులు వద్దు. ఆదివారం మాత్రం మానకండి, ఒంటరిగా ఉంటే ఈ భయం ముదురుతుంది.

ఇలా చేస్తే బద్ధకం రాదా అంటారేమో. ఎఫెసీ 2లో 8, 9 వచనాలు కృపను చెప్పాకే 10లో సత్క్రియల మాట వస్తుంది. ఆ వరుస తారుమారైతే సత్క్రియ కూలి లెక్కవుతుంది, ఒక్క నాగాకూ కోత భయం పట్టుకుంటుంది.

ప్రశ్న: 3 ఎకరాల కౌలు. పత్తి అమ్మితే 1,40,000 వచ్చింది. కౌలు, విత్తనం, ఎరువు, కూలీలకు 1,00,000 పోయింది. దశమభాగం, అంటే సంఘానికిచ్చే పదో వంతు, మొత్తం మీద అంటున్నారు. అప్పు తెచ్చి ఇవ్వాలా?
– కౌలు రైతు, నర్సంపేట

జవాబు: తేవద్దు. 14,000 ఇస్తే మీకు మిగిలిన 40,000లో 35 శాతం పోయినట్టే. పదో వంతు తెమ్మని అందరూ ఎత్తి చూపే మలాకీ 3 దేవాలయపు ధాన్యపు కొట్టు సంగతి. ద్వితీయోపదేశకాండం 14లో మూడో ఏటి దశమభాగం సొంత భూమి లేని లేవీయులు (దేవాలయ సేవకులు), పరదేశులు, తండ్రిలేనివారు, విధవరాండ్రు కడుపునిండా తినడానికి. పేదవాడు అక్కడ పుచ్చుకునే వరుసలో ఉన్నాడు. సంఘాలకు పౌలు రాసిన కొలత 2 కొరింథీ 8:12: లేనిదాని చొప్పున కాదు, ఉన్నదాని కొలది. షావుకారు అప్పు, బడి ఫీజు, వచ్చే ఏటి విత్తనం పక్కన పెట్టి, మిగిలినదాంట్లో ఆలుమగలు కూర్చుని మనసొప్పిన మొత్తం అనుకోండి. 500 అయినా సరే. కానుకల పట్టీ చదివే సంఘమైతే కవరు మీద పేరు రాయకండి.

ప్రశ్న: షుగరు గోళీలు వాడుతున్నా. 21 రోజుల ఉపవాస ప్రార్థనలో ఉండొచ్చా?
– హనుమకొండ

జవాబు: డాక్టరును అడగనిదే వద్దు. ప్రార్థనకు వెళ్లండి, తిని వెళ్లండి. యెషయా 58లో దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం. అది గోళీలు వేసుకుంటూనే చేయొచ్చు. కొన్ని మందులు వేసుకుని తినకపోతే షుగరు ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు మొదలైతే ప్రార్థన మధ్యలోనైనా సరే, మూడు చిన్న చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటలో తగ్గకపోతే మళ్లీ తాగి ఆసుపత్రికి వెళ్లండి.