నాలుగో తరగతిలో అన్న ‘ఊఁ’

‘‘మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక పల్లె. సైన్యానికి ఆయుధాలు, మందుగుండు అందించే ఆర్డ్‌నెన్స్ కోర్‌లో 24 ఏళ్ళు పనిచేసి 2014లో హవల్దారుగా రిటైరయ్యాను. సర్వీసంతా దాదాపు మందుగుండు డిపోల్లోనే గడిచింది. కార్గిల్ యుద్ధం జరిగిన రోజుల్లో కూడా మహారాష్ట్రలో డిపోలోనే ఉన్నాను. మా బావమరిది ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో ఉండి, కార్గిల్ యుద్ధంలో ద్రాస్ కొండల్లో పోరాడి వచ్చాడు. ఈ ఏడాది భోగి, మాజీ సైనికుల దినం ఒకే రోజు, జనవరి 14న వచ్చాయని ఊరి పెద్దలు భోగి మంట దగ్గరే మా ఇద్దరికీ శాలువాలు కప్పారు. నేను పతకాలు పెట్టుకుని వెళ్ళాను. అతను నా ఛాతీ వైపు చూసి, ‘విజయ్ స్టార్ ఏది బావా? గోడౌను కాపలాకు స్టార్ ఇవ్వరు కదా’ అన్నాడు. కార్గిల్‌లో పోరాడినవాళ్ళకు ఇచ్చిన పతకం అది. పదిమందీ విన్నారు. మా ఆవిడ తలదించుకుంది. యుద్ధానికి వెళ్ళనివాడు మాజీ సైనికుడు కాదా? ఆ శాలువా నాది కాదా? వేసవిలో మా అమ్మాయి పెళ్ళి. అతన్ని పిలవకూడదని గట్టిగా అనుకుంటున్నాను. మా అబ్బాయి అగ్నివీర్‌గా సైన్యంలో చేరడానికి సిద్ధమవుతున్నాడు. నేను కార్గిల్‌లో ఉన్నాననే వాడు ఇన్నాళ్ళూ అనుకున్నాడు. ఆ రోజు నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు.’’

— ఒక విశ్రాంత హవల్దారు

హవల్దారు గారూ,

మీరు అడిగిన ప్రశ్నకు జవాబు రెండు నిమిషాల పని. ముందు అది తేల్చేద్దాం.

మాజీ సైనికుడంటే ఎవరో కేంద్ర ప్రభుత్వం 1979 నాటి పునర్నియామక నిబంధనల్లోనే రాసిపెట్టింది. సైన్యం, నౌకాదళం, వైమానిక దళాల్లో ఏ ర్యాంకులోనైనా, పోరాడే విభాగంలో ఉన్నా లేకపోయినా, పనిచేసి పింఛనుతో బయటికి వచ్చినవారంతా మాజీ సైనికులే. యుద్ధం చేశావా, తుపాకీ పేల్చావా అని అడిగే గడి అందులో లేదు. జనవరి 14 సంగతి కూడా అంతే. మన సైన్యానికి తొలి భారతీయ సర్వసేనాధిపతి అయిన కరియప్ప గారు 1953లో పదవీ విరమణ చేసిన రోజు అది. ఏటా ఆ రోజున సర్వీసు ముగించుకుని వచ్చిన ప్రతి ఒక్కరినీ తలుచుకుంటున్నారు. శాలువా మీదే. మడిచి బీరువాలో పెట్టుకోండి. ఆ ప్రశ్న అయిపోయింది.

ఇక మీరు అడగని దాని దగ్గరికి వస్తాను.

పైన వేసింది మీ ఉత్తరం సారాంశమే. అసలు ఉత్తరం మూడు పేజీలు. అందులో రెండున్నర పేజీలు బావమరిది ఎలాంటివాడో రాశారు. అబ్బాయి గురించి విడిగా రాసినవి చివర మూడు వాక్యాలే. ‘ఇన్నాళ్ళూ అనుకున్నాడు’ అన్నారు. వాడంతట వాడే అనుకున్నాడా? రెండో పేజీ మధ్యలో మీరు ఒకసారి కొట్టేసి, మళ్ళీ పైన చిన్న అక్షరాలతో రాసిన వాక్యం ఒకటి ఉంది: ‘వాడు నాలుగో తరగతిలో కార్గిల్‌లో నువ్వు ఉన్నావా నాన్నా అని అడిగితే ఊఁ అన్నాను.’ మూడు పేజీల్లోనూ నేను పదే పదే చదివింది ఆ ఒక్క వాక్యాన్నే.

ఆ రోజు అన్న ‘ఊఁ’కు మిమ్మల్ని తప్పుపట్టను. అప్పుడే సర్వీసు ముగించుకుని ఇల్లు చేరారు. అంతవరకు మీరు ఆ పిల్లవాడికి ఏడాదికి రెండుసార్లు పెట్టె పట్టుకుని వచ్చి వెళ్ళే మనిషి. వాడు మొదటిసారి దగ్గరికి వచ్చి, కళ్ళింత చేసుకుని అడిగాడు. కాదని ఆ కళ్ళలో వెలుగు తీసేయడం ఏ తండ్రికైనా కష్టమే. కానీ ఆ తర్వాత పదకొండేళ్ళు గడిచాయి హవల్దారు గారూ. ఆగస్టు పదిహేనుకు వాడు బడిలో మైకు ముందు నిలబడి ‘మా నాన్న కార్గిల్ వీరుడు’ అని చెప్పాడని, మీరు ముందు వరసలో కూర్చుని విన్నారని మీరే రాశారు. ఆ రోజు ఇంటికి నడిచి వచ్చే దారిలో చెప్పాల్సింది. మరుసటి ఏడాదైనా చెప్పాల్సింది. వాడు మీసం దిద్దుకునే వయసు వచ్చి, అగ్నివీర్ అవుతానని తెల్లవారుజామున లేచి పరుగెత్తడం మొదలుపెట్టిన రోజునైనా చెప్పాల్సింది.

తండ్రి పేదవాడైతే పిల్లలు సర్దుకుంటారు. కోపిష్టి అయితే తప్పించుకు తిరుగుతారు, పెద్దయ్యాక మరిచిపోతారు. తాము పదిమందిలో గర్వంగా చెప్పుకున్న మాటే అబద్ధమని తేలితే మాత్రం తట్టుకోలేరు. ఎందుకంటే ఆ అబద్ధం ఇప్పుడు వాడి నోటిది కూడా అయింది. బడిలో వాడి మాట విన్న స్నేహితులే ఈ రోజు మైదానంలో వాడి పక్కన పరుగెత్తుతున్నారు. వాళ్ళకు వాడు ఏమని చెప్పాలి?

మీ బావమరిది విషయం కూడా ఇక్కడే చెబుతాను. పండగ పూట, ఊరంతా చూస్తుండగా, అక్క ఎదుట బావను అలా అనడం తప్పు. అందులో నాకు రెండో మాట లేదు. అయితే కార్గిల్‌లో 527 మంది మనవాళ్ళు చనిపోయారు. ద్రాస్‌లో ఉండి వచ్చినవాడికి వాళ్ళు అంకె కారు. ఎవరితో కలిసి టీ తాగాడో, ఎవరి సామాను సర్ది ఇంటికి పంపాడో అతనికి తెలుసు. మీ అబ్బాయి ఏదో ఒక సెలవుల్లో ‘మా నాన్న కూడా అక్కడే ఉన్నాడు కదా మామయ్యా’ అనే ఉంటాడు. ఆ మాట విని, అక్క కాపురం గుర్తుకు తెచ్చుకుని, అతను ఎన్నేళ్ళు నోరు మూసుకున్నాడో ఒక్కసారి లెక్కపెట్టండి. మీ ఆవిడ తలదించుకున్నది మీకు జరిగిన అవమానానికని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. ఆమెకు మొదటి నుంచీ తెలుసు. తమ్ముడికి, మొగుడికి, కొడుక్కి మధ్య ఇన్నేళ్ళూ ఆ మాట పొక్కకుండా కాచుకున్నది ఆమే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇంకొకటి. మీరు సిగ్గుపడి దాచుకున్నది సిగ్గుపడాల్సిన సంగతే కాదు!

ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం రెండున్నర లక్షలకు పైగా గుండ్లు, రాకెట్లు పేల్చింది. బోఫోర్స్ ఫిరంగిలో పెట్టే గుండు ఒక్కోటి నలభై కిలోలకు పైనే ఉంటుంది. అవి ద్రాస్ కొండల్లో మొలిచినవి కావు. ‘ఆ రెండు నెలలు రాత్రీ పగలూ లోడింగే’ అని మీరు అర వాక్యంలో రాసి వదిలేశారు. ఆ అర వాక్యం మూడు పేజీలు కావాల్సింది. జేబులో అగ్గిపెట్టె గేటు దగ్గరే అప్పగించి, మండు వేసవిలో షెడ్డులోకి వెళ్ళి, పెట్టె పెట్టె మీద అంకెలు సరిచూసి, ఏ గుండు మంచిదో ఏది పాడైందో తేల్చి వ్యాగన్ ఎక్కించిన మనిషి ఒకడు ఉండబట్టే, అక్కడ ద్రాస్‌లో మీ బావమరిది ఫిరంగి ఆగకుండా పేలింది. మీ చేతి మీదుగా వెళ్ళిన గుండే అతని ఫిరంగిలోకి వెళ్ళిందో లేదో ఎవరూ చెప్పలేరు. ఇద్దరూ ఒకే పని చేశారని మాత్రం చెప్పగలను. అతను ఆ చివర, మీరు ఈ చివర.

డిపో అంటే ప్రాణభయం లేని చోటు అనుకునేవాళ్ళకు పుల్‌గావ్ పేరు చెప్పండి. 2016 మే నెలాఖరున మహారాష్ట్రలోని ఆ మందుగుండు డిపోలో రాత్రివేళ మంటలు లేచాయి. ఇద్దరు సైనికాధికారులు సహా పదిహేను మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అక్కడ ఏ శత్రువూ లేడు. ఆపరేషన్ పరాక్రమ్ చూడండి. 2001 డిసెంబరు నుంచి 2002 అక్టోబరు దాకా మన సైన్యం సరిహద్దులో మోహరించి నిలబడింది. యుద్ధమే జరగలేదు. అయినా మందుపాతరలు పేలి, ప్రమాదాల్లో పడి ఎంతోమంది జవాన్లు ఇళ్ళకు తిరిగి రాలేదు. ఆ తల్లుల దగ్గరికి వెళ్ళి, మీ అబ్బాయి యుద్ధం చేయలేదు కదా అనగలరా ఎవరైనా?

మా పెదనాన్న 1971లో సైన్యంలో వంటవాడు. అందరూ యుద్ధం కబుర్లు చెప్పమని చుట్టూ చేరితే, ‘బంగ్లాదేశ్ యుద్ధంలో నేను రొట్టెలు కాల్చానురా’ అని మొదలుపెట్టేవాడు. పిండి ఎన్ని బస్తాలు తడిపారో, వానకు పొయ్యి ఆరిపోతే ఏం చేశారో, రాత్రిపూట మంట బయటికి కనబడకుండా రేకులు ఎలా అడ్డం పెట్టారో చెప్పేవాడు. మేము నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. తుపాకీ ఏది పెదనాన్నా అని మాలో ఎవరికీ అడగాలని తోచలేదు. ఆయన చెప్పే తీరులో ఎక్కడా తగ్గింపు ఉండేది కాదు. అందుకే మీ ఉత్తరం చదివి నాకు కోపం వచ్చింది. మిమ్మల్ని మొదట గోడౌను కాపలాదారును చేసింది మీ బావమరిది అనుకుంటున్నారు. పదకొండేళ్ళ కిందట, కొడుకు అడిగిన రోజున, ఆ పని మీరే చేశారు.

ఇప్పుడు మీ అబ్బాయి వెళ్ళబోయే దారి చూడండి. 2022లో వచ్చిన అగ్నిపథ్ పథకం కింద అగ్నివీరులుగా చేరేవాళ్ళకు సర్వీసు నాలుగేళ్ళు. నూటికి పాతిక మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్ళకు పింఛను లేదు, మాజీ సైనికుడి హోదా కూడా లేదు. అంటే మీ వాడు నాలుగేళ్ళు మంచు కొండల్లో కాపలా కాసి వచ్చినా, ఆ మాట కాగితం మీద వాడికి దక్కకపోవచ్చు. యుద్ధరంగం చూడని మీకు దక్కింది. కాగితం మీద ఏముందన్నది ఎంత చిన్న సంగతో ఇంతకంటే ఏం చెప్పను? రేపు వాడిని ఏ వర్క్‌షాపులోనో, ఏ డిపోలోనో వేస్తే, సెలవుకు ఇంటికి వచ్చి ఏమని చెప్పుకోవాలి? చేసిన పనిని చేసినట్టు తలెత్తి చెప్పుకోవడం ఇంట్లో ఒక్కసారైనా చూడని పిల్లవాడు, అక్కడికి వెళ్ళి అది ఎక్కడ నేర్చుకుంటాడు?

కాబట్టి పెళ్ళికి మేనమామను పిలవననే మాట మనసులోంచి తీసేయండి. పెళ్ళికూతురి బుట్టకు చెయ్యి వేయాల్సింది ఆయన. మీ ఇద్దరి పౌరుషాలకు ఆ పిల్ల పీటల మీద చిన్నబోవడం నేను ఒప్పుకోను. శుభలేఖ మీరే స్వయంగా, మీ ఆవిడతో కలిసి వెళ్ళి ఇచ్చి రండి. ఆ రోజు ఒక మాట అడగండి: ‘ద్రాస్‌లో మీకు రోజుకు ఎన్ని గుండ్లు వచ్చేవి?’ అతను చెబుతాడు. అప్పుడు మీ డిపోలో రోజుకు ఎన్ని వ్యాగన్లు కదిలేవో మీరు చెప్పండి. మంట దగ్గర అన్నదానికి క్షమాపణ చెప్పమని అతన్ని అడగకండి. రావాల్సి ఉంటే అదే వస్తుంది. రాకపోయినా పెళ్ళి జరుగుతుంది.

కానీ అది తర్వాత. ముందు మీ అబ్బాయి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పకండి, వాడికి అది పంచాయతీలా ఉంటుంది. తల్లి చేత చెప్పించకండి, ఆమె మోసింది చాలు. నీ మంచికే అలా అన్నానని సంజాయిషీ ఇవ్వకండి. తెల్లవారుజామున వాడు పరుగుకు వెళ్ళేటప్పుడు మీ డిశ్చార్జి బుక్కు చేతిలో పట్టుకుని వెంట వెళ్ళండి. మైదానం గట్టు మీద కూర్చుని, మీ పోస్టింగులు రాసి ఉన్న పేజీ తీసి వాడి చేతికి ఇవ్వండి. ‘నేను కార్గిల్ వెళ్ళలేదు. నువ్వు అడిగినప్పుడు వెళ్ళానన్నాను. తప్పు చేశాను.’ ఇంతే చెప్పండి. డిపో కబుర్లు ఆ పూట వద్దు. వాడు అడిగిన రోజున చెప్పవచ్చు.

వాడు వెంటనే కరిగిపోతాడని ఆశపడకండి. పుస్తకం మీ ఒళ్ళో పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా పరుగు మొదలుపెట్టవచ్చు. మీరు లేచి వచ్చేయకండి. వాచీ చూసుకుంటూ అక్కడే కూర్చోండి. 1600 మీటర్లు ముగించి వాడు వచ్చేసరికి, ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పడానికి ఒకరు ఉండాలి.