ఆటలొచ్చి వెళ్లాక ఊరికి మిగిలేదేంటి?

ప్రశ్న: 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు దక్కాయి. అలాంటివి హైదరాబాద్‌కు వస్తే మనకు లాభమేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మైదానాలు ముందే ఉన్న ఊరు నష్టపోకుండా బయటపడుతుంది. అన్నీ కొత్తగా కట్టుకునే ఊరు అప్పులపాలవుతుంది. 1984 ఒలింపిక్స్‌కు టెహ్రాన్ తప్పుకోవడంతో బరిలో లాస్ ఏంజెలెస్ ఒక్కటే మిగిలింది. అందుకే నష్టమొస్తే పన్నుల సొమ్ము ఇవ్వబోమని గట్టిగా చెప్పగలిగింది. 1923 నాటి కొలీజియం స్టేడియాన్నే వాడుకుంది. క్రీడాకారులకు యూనివర్సిటీ హాస్టళ్లలో బస ఇచ్చింది. 20 కోట్ల డాలర్లకు పైగా మిగిలాయి. అంతకుముందు 1976లో ఆటలు జరిపిన మాంట్రియల్ సిగరెట్ల మీద కూడా పన్ను వేసి, 2006కి గానీ అప్పు తీర్చలేకపోయింది.

ఖర్చు అదుపు తప్పేది ఎక్కువగా తేదీ వల్లే. ఫ్లైఓవర్ ఆర్నెల్లు ఆలస్యమైతే జనం తిట్టుకుంటారు, అంతే. ఆటల ఆరంభోత్సవాన్ని మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వేయలేరు. ఆ సంగతి కాంట్రాక్టర్లకు బాగా తెలుసు. టెండర్లు ఆలస్యంగా పిలిస్తే బేరమాడే వీలే ఉండదు. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు ఢిల్లీ ఈ తప్పే చేసింది. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ లెక్కలో మొత్తం ఖర్చు 18,532 కోట్ల రూపాయలు. అంత పోసినా, ఆరంభానికి 12 రోజుల ముందు నెహ్రూ స్టేడియం దగ్గర పాదచారుల వంతెన కూలింది.

హైదరాబాద్‌కు 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడల నాటి గచ్చిబౌలి ప్రాంగణం ఉంది. 2009 ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు అక్కడి ఇండోర్ స్టేడియంలోనే జరిగాయి. కాబట్టి మనది సున్నా నుంచి మొదలు కాదు. అసలు భారం ఆటలయ్యాక మైదానాల నిర్వహణ. సింథటిక్ ట్రాక్ పైపొరను సుమారు పదేళ్లకోసారి మార్చాలి. ఈతకొలనులో ఒక్కరూ దిగకపోయినా నీరు పాడవకుండా వడపోత మోటార్లు తిరగాల్సిందే. బిడ్ వేసేముందే ఏటా ఈ ఖర్చు ఏ శాఖ పద్దులో పడుతుందో రాతపూర్వకంగా తేల్చాలి. అది తేలకపోతే బిడ్ వేయకపోవడమే మంచిది. క్రీడాకారుల బసకు కట్టే క్రీడాగ్రామం ఫ్లాట్లు తర్వాత ఎవరికిస్తారో, అమ్ముడుపోకపోతే నష్టం బిల్డర్‌దో ప్రభుత్వానిదో కూడా అప్పుడే తేలాలి.

ప్రశ్న: హోటళ్లకు, చిరువ్యాపారులకు గిరాకీ పెరుగుతుంది కదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అనుకున్నంత కాదు. రద్దీకి, ధరలకు భయపడి మామూలు పర్యాటకులు ఆ నెల రావడం మానేస్తారు. 2012 ఆగస్టులో లండన్ ఒలింపిక్స్ జరుగుతున్నా బ్రిటన్‌కు వచ్చిన విదేశీయులు అంతకుముందు ఏడాది ఆగస్టు కన్నా తగ్గారు. పైగా స్పాన్సర్ల కోసం స్టేడియం చుట్టూ వీధి వ్యాపారాన్ని కట్టడి చేస్తారు. తోపుడు బండ్లవాళ్లకు లాభం కావాలంటే, వాళ్ల స్థలాలు ఎక్కడో ఆతిథ్య ఒప్పందంపై సంతకానికి ముందే అందులో రాయించాలి.