రోడోడెండ్రాన్ ఆకులు పసుపెక్కుతుంటే ఎరువు సంచీ జోలికి పోకండి, ముందు మొదలు దగ్గర మట్టి తీసి చూడండి

మీరు అడిగినవి మూడు. సియాటిల్ దగ్గర బోథెల్‌లో కొత్త ఇంటి మెట్ల పక్కన పోయిన అక్టోబరులో నాటిన రోడోడెండ్రాన్‌కి లేత ఆకులు పసుపెక్కుతున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి, ఎందుకు? ఎరువు వేయాలా? హైదరాబాద్‌లో అమ్మావాళ్ళ పెరట్లో కూడా ఇది పెంచొచ్చా?

మూడోదానికి జవాబు చిన్నది, ముందు అది చెప్పేస్తాను. వద్దండి. ఇది కొండల మొక్క. ఉత్తరాఖండ్‌లో బురాన్ష్ అని, నేపాల్‌లో లాలీ గురాన్స్ అని పిలిచే ఎర్రపూల చెట్టు ఈ జాతిదే. మన దక్షిణాదిలో చూడాలంటే నీలగిరులు, మున్నార్ లాంటి ఎత్తైన కొండలెక్కాలి. ఊటీ చుట్టుపక్కల షోలా అనే కొండ అడవుల అంచుల్లో వంకరటింకర మాను మీద ఎర్రగా పూసి కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల ఎండ ఒక ఎత్తు, రాత్రిళ్ళు కూడా చల్లబడకపోవడం ఇంకో ఎత్తు. దానికితోడు సున్నం నిండిన బోరు నీళ్ళు. కుండీలో చలికాలం నెట్టుకొచ్చినా ఎండాకాలం దాటించడం కష్టం. అమ్మగారికి నందివర్ధనమో నూరువరహాలో పెట్టించండి, ఏడాది పొడుగునా పూస్తాయి.

ఇక మీ మొక్క సంగతి. మేమూ ఈ చుట్టుపక్కలే ఉంటాం. ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని పెంచిన పొదలు వచ్చాయి, తర్వాత మేం పెట్టినవీ ఉన్నాయి. వాటితో వేగాక నాకు తెలిసిందేంటంటే, ఈ మొక్క బాగోగులన్నీ వేళ్ళ దగ్గరే తేలిపోతాయి. దీనికి తల్లివేరు లోతుకు దిగదు. ఉన్నదంతా జుట్టులాంటి సన్నటి పీచువేళ్ళు, అవీ నేల పైపైనే, చాలావరకు అడుగులోపే అల్లుకుంటాయి. వాటికి తడి కావాలి, తడితోపాటు గాలీ కావాలి, మట్టి పుల్లగా, అంటే ఆమ్ల గుణంతో, ఉండాలి. ఆ పులుపుని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ పులుపెక్కువ. పీహెచ్ 4.5 నుంచి 6 మధ్య ఉంటే హాయిగా బతుకుతుంది.

ఈనెలు పచ్చగా, మధ్య భాగం పసుపుగా, అదీ లేత ఆకుల్లో ముందు కనిపిస్తే అది ఇనుము అందని లక్షణం. మట్టిలో ఇనుము లేక కాదు. పీహెచ్ పెరిగితే ఆ ఇనుము నీళ్ళలో కరగదు, వేళ్ళు తీసుకోలేవు. వేళ్ళు నీళ్ళలో నాని దెబ్బతిన్నా అదే లక్షణం బయటపడుతుంది. మీ విషయంలో రెండు కారణాలకూ ఆస్కారం ఉంది.

మొదటిది సున్నం. కాంక్రీటు మెట్ల పక్కనే అన్నారు. కొత్త కాంక్రీటు నుంచి, కట్టేవాళ్ళు అక్కడే దులిపేసిన సిమెంటు నుంచి సున్నం మట్టిలోకి దిగుతుంది. ఇది కాక, మన ప్రాంతంలో లాన్‌లో పాచి పడుతోందని చాలామంది ఏటా సున్నం చల్లిస్తారు. లాన్ పనివాళ్ళు చల్లే యంత్రంతో గడ్డి అంచు దాకా వచ్చేసరికి సగం పూలమడిలో పడుతుంది. మా పక్కింటివాళ్ళ వరసలో లాన్‌కి ఆనుకుని ఉన్న మొక్కలే పసుపెక్కి, ఇంటి గోడ వైపువి నిక్షేపంలా ఉండేవి. కారణం అదే. సంక్రాంతికి మెట్ల ముందు వేసే ముగ్గుపిండీ సున్నపురాయి పొడే. పిడికెడు పిండితో ఏమీ కాదుగానీ, పండగయ్యాక కడిగిన నీళ్ళు రోజూ ఆ మొక్క మొదట్లోకే పోకుండా చూసుకోండి.

రెండోది లోతు. నాకు దీనిమీదే ఎక్కువ అనుమానం. మన దగ్గర పైన కాస్త మంచి మట్టి, కింద హిమానీనదాలు తొక్కి వదిలిన గట్టి పొర, గునపం వేస్తే ఖంగుమంటుంది. కొత్త ఇళ్ళ దగ్గర బిల్డర్ల బళ్ళు తిరిగి పై మట్టీ గట్టిపడిపోతుంది. అందులో గుంత తవ్వి, కొనుక్కొచ్చిన మెత్తటి మట్టి నింపి మొక్క దించితే, నవంబరు నుంచి మార్చి దాకా కురిసే వాన ఆ గుంతలోకి దిగి నిలిచిపోతుంది. ఊరంతా తడిసినా నష్టపోయేది ఆ గుంతలో ఉన్న మొక్కే.

కాబట్టి ఇవాళే ఒక పని చేయండి. మొదలు దగ్గర చేత్తో మట్టి, మల్చ్ (నేల మీద పరిచే చెక్కపొట్టు, ఆకుల లాంటివి) పక్కకి తీయండి. పై పీచువేళ్ళు వెంటనే తగలాలి. రెండు మూడు అంగుళాలు తవ్వినా కాండమే తగులుతోందంటే లోతుగా నాటారన్నమాట. వేరుముద్ద పై అంచు చుట్టూ ఉన్న నేల కంటే ఒకటి రెండు అంగుళాలు పైకే ఉండాలి. బంకమట్టి నేలైతే ఇంకాస్త పైకి, చిన్న దిబ్బలా పోసి దాని మీద కూర్చోబెట్టాలి. చూడ్డానికి తప్పుగా నాటినట్టే ఉంటుంది. చుట్టూ మల్చ్ ఏటవాలుగా వేస్తే సర్దుకుంటుంది.

లోతుగా ఉంటే భయపడకండి, పైకి తీసి మళ్ళీ నాటొచ్చు. వేళ్ళు పైపైనే ఉండటం వల్ల దీన్ని జరపడం చాలా తేలిక, పెద్ద పొదలకి కూడా. కారు దారి వెడల్పు చేయించినప్పుడు మా ఇంట్లో నాకంటే ఎత్తున్న పొద అడ్డొచ్చింది. కొట్టేయమన్నవాళ్ళే ఎక్కువ. కొమ్మల అంచు కంటే కాస్త లోపలగా చుట్టూ పారతో కోసి, అడుగున పార జొనిపితే మొత్తం వేరుముద్ద చాపలా లేచింది. టార్పాలిన్ మీదకి దొర్లించి, ఇద్దరు స్నేహితులు పట్టుకుంటే పెరట్లోకి లాక్కెళ్ళాం. మళ్ళీ వసంతానికి కొంచెం తక్కువైనా పూసింది. మీది నాటి ఏడాదైనా కాలేదు, ఒక్క మనిషితో అయ్యే పని. వానలు మొదలయ్యే అక్టోబరులో చేయండి, ఈ ఎండల్లో వద్దు.

అప్పుడు వేరుముద్దని ఒకసారి బాగా చూడండి. నర్సరీ కుండీ నుంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే, కుండీ ఆకారంలో, వేళ్ళు చుట్టలు తిరిగి గట్టిగా ఉంటే మొక్క మీ మట్టిలోకి అసలు రాలేదన్నమాట. నర్సరీవాళ్ళు దాదాపు అంతా చెక్కపొట్టులో పెంచుతారు. అది ఒకసారి పూర్తిగా ఎండితే చుట్టూ మట్టి తడిగా ఉన్నా తను నీళ్ళు పీల్చదు. నేనైతే పాత కూరల కత్తితో పక్కల నాలుగు వైపులా పైనుంచి కిందకి అంగుళం లోతున గాట్లు పెట్టి, అడుగుభాగం చేతివేళ్ళతో విప్పదీస్తాను. పీచు తెగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది కానీ అలా చేసినవే త్వరగా మట్టిలోకి వేళ్ళు చాస్తాయి.

ఎరువు విషయం. ఇప్పుడు వద్దు. వేళ్ళు బాగాలేని మొక్కకి ఎరువు వేస్తే ఇంకా కాలుతుంది. కుదురుకున్నాక, పూలయిపోగానే, అమ్మోనియం సల్ఫేట్ లాంటిది కొద్దిగా వేస్తే చాలు, అదీ ఆకు రంగు చూసి. మా పాత పొదలకి నేనసలు వేయను. ఏటా రెండు మూడు అంగుళాల మందాన ఫర్ చెట్ల చెక్కపొట్టు, రాలిన సూదులాకులు పరుస్తాను, కాండానికి తగలకుండా. మట్టి పరీక్షలో పీహెచ్ నిజంగానే ఎక్కువని తేలితే గంధకం పొడి వేయండి. దాన్ని మట్టిలోని బ్యాక్టీరియా ఆమ్లంగా మార్చాలి, అది కూడా నేల వెచ్చగా ఉన్నప్పుడే, కాబట్టి నెలలు పడుతుంది. హైడ్రాంజియా పూలు నీలంగా రావడానికి వాడే అల్యూమినియం సల్ఫేట్ మాత్రం దీనికి వేయకండి, అల్యూమినియం వేళ్ళకి చేటు.

మన వాట్సాప్ గుంపుల్లో పుల్లమజ్జిగ పోయండి, వెనిగర్ పోయండి, ఫిల్టర్ కాఫీ పిప్పి వేయండి అని సలహాలొస్తాయి. డికాక్షన్ తీసేశాక ఆ పిప్పిలో పులుపు పెద్దగా మిగలదు. ఆమ్లమంతా మీ కప్పులోకే పోతుంది. మజ్జిగ పోస్తే ఎలుకలూ రకూన్‌లూ వస్తాయి తప్ప పీహెచ్ కదలదు.

నీళ్ళ దగ్గర కొత్తగా వచ్చినవాళ్ళు పొరబడేది ఒకటుంది. సియాటిల్ అంటే వానే కదా అనుకుంటారు. జూలై నెల మొత్తానికి సగటున అంగుళం వాన కూడా పడదు. మొదటి రెండు వేసవులు వారానికి రెండుసార్లు మొదట్లో నెమ్మదిగా పైపు వదిలి తడపాలి, రోజూ పైపైన చిలకరిస్తే కాదు. చోటు విషయానికొస్తే ఉదయపు ఎండ, మధ్యాహ్నం నీడ దీనికి సరిపోతుంది. 2021 జూన్ 28న సియాటిల్ విమానాశ్రయంలో 108 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 42 సెల్సియస్, నమోదైంది. ఆ వారంలో మా పడమటి వైపు పొదల ఆకులు అప్పడంలా కాలాయి. డగ్లస్ ఫర్ చెట్ల నీడలో ఉన్నవాటికి మచ్చ పడలేదు. కాలినవాటిని వెంటనే కత్తిరించలేదు. కొమ్మని గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది, తర్వాత చిగురించాయి.

పూల సంగతి. వచ్చే వసంతంలో పూసే మొగ్గ ఈ వేసవిలోనే తయారవుతుంది. శరదృతువుకల్లా కొమ్మ చివర బొద్దుగా కనిపించేది పూమొగ్గ, సన్నగా మొనదేలి ఉండేది ఆకుమొగ్గ. మీ మొక్కకి బొద్దువి లేకపోతే ఆ ఏడాదికి పూలు లేనట్టే, కంగారు పడకండి. కత్తిరించాలంటే పూలు రాలిన వెంటనే కత్తిరించాలి. సెప్టెంబరులో తోటపనివాళ్ళు వచ్చి కంచెలా గుండ్రంగా నున్నగా కొట్టేశారంటే వచ్చే ఏడు పూలన్నీ వాళ్ళ బండెక్కి పోయినట్టే. మా వీధిలో ఒకరింట్లో ఏటా అదే తంతు, ఏటా అదే ఫిర్యాదు, "ఈ మొక్క పూయదండీ" అని.

వాడిన గుత్తులు తీసేస్తే మొక్క గింజ మీద బలం పెట్టదు. గుత్తి కాడని బొటనవేలితో పక్కకి వంచితే టప్‌మని విరుగుతుంది. సరిగ్గా దాని కిందే చుట్టూ చిన్న పచ్చటి మొగ్గలు అప్పటికే లేస్తూ ఉంటాయి. అవి విరక్కుండా విరవడమే పనితనం. కత్తెర వద్దు, చేతివేళ్ళే మేలు. చేతులు మాత్రం జిగురవుతాయి. మా అత్తయ్య వచ్చినప్పుడు పూజకని గుత్తులు గుత్తులే కోసేవారు. కొమ్మ జోలికి పోకుండా గుత్తి వరకే తీస్తే మొక్కకి ఏ నష్టమూ లేదు, పైగా మీ పని తగ్గుతుంది.

ఆకు పసుపు నిజంగా ఇనుము సమస్యేనా అని తేల్చుకోవడానికి ఆకు తిప్పి చూడండి. పైన పసుపు కాక తెల్లటి సన్న చుక్కలు చుక్కలుగా పాలిపోయి, వెనక నల్లటి తారు చుక్కల్లాంటివి అంటుకుని ఉంటే అది లేస్ బగ్ అనే పురుగు. ఎండలో ఉన్న మొక్కలకి ఎక్కువ పడుతుంది. వసంతం చివర్లో పిల్లలు బయటికొచ్చే రోజుల్లో ఆకుల వెనక పైపుతో గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు రాలిపోతాయి. ఆకు అంచులు ఎవరో టికెట్‌కి పంచ్ కొట్టినట్టు కొరికేసి ఉంటే అది వీవిల్ అనే పురుగు, రాత్రిపూట మేస్తుంది. అందంగా ఉండదుగానీ పెద్ద మొక్కని ఏమీ చేయదు. మీలాంటి లేతమొక్కకైతే దాని పిల్లపురుగులు మట్టిలో వేళ్ళు తింటాయి, కనిపెట్టి ఉండండి. ఇక జనవరిలో గడ్డకట్టే చలికి ఆకులు కిందకి వేలాడి చుట్టలా చుట్టుకుంటే నీళ్ళు తక్కువై కాదు, చలికి అలా ముడుచుకుంటాయి, ఎండొస్తే విప్పుకుంటాయి.

మీకు చిన్నబాబు ఉన్నాడని రాశారు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. దీని ఆకు, పువ్వు, తేనె అన్నిట్లోనూ గ్రయానోటాక్సిన్ అనే విషం ఉంటుంది. వాంతులు, బీపీ పడిపోవడం, గుండె నెమ్మదించడం దాని లక్షణాలు. క్రీస్తుపూర్వం 401లో నల్లసముద్రం తీరాన గ్రీకు సైనికులు అక్కడి తేనె తిని పడిపోయారని వాళ్ళ నాయకుల్లో ఒకడైన జెనఫన్ రాసిపెట్టాడు. దానికి ఈ పూల తేనే కారణమని చెబుతారు. నోట్లో పెట్టుకునే వయసు దాటేదాకా మెట్ల పక్కన కాకుండా పెరటి మూలకి మార్చడం మేలు. ఎలాగూ తీసి నాటాలి కదా. ఉత్తరాఖండ్‌లో బురాన్ష్ షర్బత్ తాగుతారు కదా అని ఎవరైనా అంటే, అది వాళ్ళెరిగిన ఆ ఒక్క చెట్టు పూలతో చేసేది. మన నర్సరీ సంకరాలతో ప్రయోగాలొద్దు.

ఇంకోటి కొనేముందు సియాటిల్‌కి దక్షిణాన ఫెడరల్ వే ఊళ్ళో ఉన్న రోడోడెండ్రాన్ స్పీషీస్ బొటానికల్ గార్డెన్‌కి ఏప్రిల్‌లో ఒకసారి వెళ్ళిరండి. 22 ఎకరాల్లో 700కి పైగా జాతులున్నాయి. ఏది ఎంత పెద్దదవుతుందో చూస్తే గాని కిటికీ కింద ఏది పెట్టకూడదో తెలియదు. మెట్ల పక్కకి యాకుషిమానం రకాలు బావుంటాయి. జపాన్‌లోని యాకుషిమా దీవి నుంచి వచ్చినవి, నడుము ఎత్తు దాటడానికి చాలా ఏళ్ళు పడుతుంది, లేత ఆకు మీద తెల్లటి నూగు ముట్టుకుంటే వదలబుద్ధి కాదు. సున్నం బెడద తప్పని చోటైతే కన్నింగ్‌హామ్స్ వైట్ అనే రకం కాస్త ఓర్చుకుంటుంది.

అన్నట్టు ఇది మన వాషింగ్టన్ రాష్ట్ర పుష్పం. 1892లో షికాగో ప్రపంచ ప్రదర్శన కోసం ఒక పువ్వు కావాల్సొస్తే ఇక్కడి ఆడవాళ్ళే ఓట్లేసి, క్లోవర్ అనే పచ్చికపువ్వుని ఓడించి దీన్ని గెలిపించారు. అప్పటికి వాళ్ళకి మామూలు ఎన్నికల్లో ఓటు లేదు. చట్టసభ తీరిగ్గా 1959లో ఖరారు చేసింది.

మొదట్లో మట్టి తీసి చూసి, వేళ్ళు ఎంత లోతులో తగిలాయో, ఆకు వెనక ఎలా ఉందో ఫోటోలతో పెట్టండి. లేస్ బగ్ అయితే చేయాల్సింది వేరు, అది చూశాక చెబుతాను.