పైకప్పు మీద సోలార్ పెడితే డేటా సెంటర్ గ్రీన్ అయిపోతుందా?

అవదు, ముందు కూలింగ్‌కి పోయే కరెంటు తగ్గించాలి, ఆ తర్వాత మిగిలిన వాడకానికి సరిపడా కొత్త కరెంటు, బొగ్గు లేకుండా, పుట్టించాలి. సర్వర్లు, అంటే సెంటర్‌లో డేటాని దాచి నడిపే కంప్యూటర్లు, రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటాయి, అవి తినే కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది, ఆ వేడిని బయటికి పంపడానికి మళ్లీ కరెంటో నీళ్లో కావాలి.

ఒడిశా కోరాపుట్ జిల్లా జయపురంలో ఒక సెంటర్ పెట్టారనుకుందాం. సర్వర్లకి 10 మెగావాట్లు, కూలింగూ మిగతావీ కలిపితే 15, అంటే రోజుకి 3.6 లక్షల యూనిట్లు. ఒక మెగావాట్ సోలార్ రోజుకి సుమారు 4 వేల యూనిట్లు ఇస్తుంది కాబట్టి 90 మెగావాట్ల ప్లాంటు, దానికి మూడు నాలుగు వందల ఎకరాలు, రాత్రికి బ్యాటరీలు వేరే. ఏ పైకప్పు సరిపోతుంది చెప్పండి? అదే 15ని 12కి దించితే రోజుకి 72 వేల యూనిట్లు మిగులుతాయి. కోరాపుట్ కొండగాలి, ముఖ్యంగా చలికాలంలో, ఇందుకు కొంత పనికొస్తుంది. నీళ్లు ఆవిరి చేసి చల్లబరిస్తే కూడా కరెంటు తగ్గుతుంది, కానీ ఎండాకాలంలో ఆ నీళ్లు ఎవరి వాటాలోంచి వస్తాయన్నది అసలు తగాదా.

మన వైపు చాలామంది పొరబడేది ఇంకొకటి: పక్కనే మాచ్‌ఖండ్ జల విద్యుత్ ఉందిగా, ఇంకేం టెన్షన్ అని. ఆ కరెంటుని ఆంధ్ర, ఒడిశా ఇప్పటికే పంచుకుని వాడుకుంటున్నాయి. దాన్ని సెంటర్‌కి మళ్లిస్తే, ఇళ్లకీ మిల్లులకీ వచ్చే లోటుని చాలావరకు బొగ్గు కరెంటే పూడుస్తుంది.